భోజనం కూపన్ల పక్కన పెట్టిన కరపత్రం

ఉగాది సభలో పేర్లు రాసే బల్ల మీద, భోజనం కూపన్ల పక్కనే ఒక కరపత్రాల కట్ట ఉంది. చూసే ఉంటారు. "క్వీన్స్‌లో స్టూడియో, నెలకు 1,800. రెండు నెలల అడ్వాన్సు, ఒక నెల బ్రోకర్ ఫీజు, అప్లికేషన్‌కు 100. మనవాళ్ళకు మాత్రమే." విమానం దిగి పది రోజులు కాని పిల్లలు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. మన బల్ల మీద ఉందిగా, నమ్మారు. అద్దె తప్ప అందులోని ప్రతి అంకె న్యూయార్క్‌లో చెల్లనిదే.

అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించకూడదన్నది 2019 నుంచి రాష్ట్ర చట్టం. "చివరి నెల అద్దె ముందే ఇవ్వండి" అని పేరు మార్చి అడిగినా కుదరదు. అప్లికేషన్, క్రెడిట్ చెక్ కలిపి 20 డాలర్లకు మించకూడదు. ప్రకటన ఇచ్చిన బ్రోకర్ అద్దెకొచ్చేవాళ్ళ దగ్గర ఫీజు పుచ్చుకోకూడదని నగరంలో 2025 జూన్ 11 నుంచి నిబంధన. మొదటి నెల అద్దె, ఒక నెల అడ్వాన్సు, ఆ 20 కలిపితే 3,620 డాలర్లు. కరపత్రం లెక్కలో 7,300.

తెలిసి కూడా ఎందుకు కడతారంటే, పెద్ద బిల్డింగుల వాళ్ళు సాధారణంగా ఏడాది జీతం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలంటారు. 1,800కు 72,000. లేదా 80 రెట్లు సంపాదించే గ్యారంటర్‌ను తెమ్మంటారు. మొన్న దిగినవాడికి క్రెడిట్ హిస్టరీ ఎక్కడిది? 'మనవాడు' ఇవేవీ అడగడు. ఆ వెసులుబాటు చిన్నదేం కాదు, ఒప్పుకోవాలి. కానీ కాగితం కూడా అడగనివ్వడు. రసీదు అడిగితే అనుమానించినట్టని మనకు మొహమాటం. ముక్కూ మొహం తెలియని పిల్లాడికి నెలరోజులు హాల్లో పరుపేసి అన్నం పెట్టేదీ ఈ 'మనవాడే' అన్న మాటే, అందుకే దాన్ని తిట్టబుద్ధి కాదు.

అసలు భయం డబ్బు గురించి కాదు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వానకు నగరంలో పోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్ళలోనే పోయారు, ఎక్కువమంది క్వీన్స్‌లోనే. 'స్టూడియో' అన్న గదికి మెట్లు కిందికి దిగుతుంటే అక్కడే ఆగాలి. గుమ్మం దగ్గర కాలింగ్ బెల్లులు, కరెంటు మీటర్లు లెక్కపెట్టండి. బిల్డింగుల శాఖ వెబ్‌సైట్‌లో ఆ చిరునామాకు సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ, అంటే ఆ ఇంట్లో ఎన్ని కుటుంబాలుండొచ్చో చెప్పే కాగితం, తెరవండి (1938కి ముందు కట్టిన ఇళ్ళకు ఉండకపోవచ్చు). అందులో రెండు కుటుంబాలని రాసి, గుమ్మం దగ్గర మూడు బెల్లులుంటే ఆ మూడోది అనుమతి లేనిది కావచ్చు. ఎవరైనా ఫిర్యాదు చేసి ఖాళీ చేయించే ఉత్తర్వు వస్తే పెట్టెలతో రోడ్డు మీద నిలబడేది అద్దెకున్నవాడే.

ఇంకొకటి, ఇల్లు ఎవరి పేరున ఉందో ఏక్రిస్ (ACRIS) అనే నగర దస్తావేజుల వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు, స్టాటెన్ ఐలాండ్ తప్ప. దస్తావేజులో పేరొకటి, జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి ఫోన్లో డబ్బు పంపే పద్ధతి)లో డబ్బు పంపమన్న పేరొకటి అయితే సంబంధమేమిటో కాగితం మీద చూపించమనాలి. జెల్‌లో వెళ్ళిన డబ్బు వెనక్కి రావడం గగనం.

ఇదంతా చూడటానికి పావుగంట. కొత్తగా వచ్చినవాడికి ఎక్కడ చూడాలో తెలియదు, మనకు తెలుసు. మనమే చూపిద్దామంటే సభ నడిపే కమిటీవాళ్ళు "మనం లాయర్లం కాదు, రేపు తేడా వస్తే మన మీద పడుతుంది" అంటున్నారు. సబబే. అయితే వెబ్‌సైట్ తెరిచి చూపించడం న్యాయసలహా ఎలా అవుతుంది? కరపత్రం పెట్టనిచ్చినప్పుడు రాని భయం ఇప్పుడెందుకు? ఇకనుంచి బల్ల మీదికి వచ్చే ఇళ్ళ ప్రకటనల్లో ఈ మూడు అంకెలూ చూడండి, తేడా ఉంటే తిప్పి పంపండి. దీపావళికి హాలు ఎలాగూ బుక్ చేస్తారు. కూపన్ల పక్కన ఒక లాప్‌టాప్, దాని వెనక ఓపికున్న ఒక మనిషి. ఆ మాత్రం చోటు ఆ బల్ల మీద ఉంది.