కుర్రాణ్ణి విడిగా కొనుక్కోవలెను

వాయిస్ రికార్డరు కొనేముందు ఏం చూసుకోవాలని అడిగితే తెలిసినవాళ్లు మైకులెన్ని, మెమరీ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలొస్తుంది అని చెబుతారు. అవన్నీ కళ్లున్నవాళ్ల కాలక్షేపాలు. నాలాంటి చూపులేనివాడు విచారించుకోవాల్సినవి వేరే ఉన్నాయి: పక్కింట్లో కాస్త ఖాళీగా ఉండే కుర్రాడున్నాడా, వాడికి ఇంగ్లీషు చదవడం వచ్చా, సాయంత్రం ట్యూషను ఎన్నింటికి. ఎందుకంటే మార్కెట్లోకొచ్చే రికార్డర్లలో చాలావరకు ఈ కుర్రాణ్ణి నమ్ముకునే తయారవుతున్నాయి. పెట్టె మీద మాత్రం ఆ ముక్క రాయరు. "ఇందులో ఉన్నవి: రికార్డరు ఒకటి, బ్యాటరీలు రెండు, కేబుల్ ఒకటి. కుర్రాణ్ణి విడిగా కొనుక్కోవలెను" అని అచ్చువేస్తే ఎంత మర్యాదగా ఉండేది!

ఆ యంత్రం నిగ్రహాన్ని మెచ్చుకోవాలి. గొంతుల మీదే బతుకుతుంది. ఎవరేం మాట్లాడినా పొల్లుపోకుండా పట్టుకుని, అడిగినప్పుడల్లా అప్పజెబుతుంది. తన సంగతి మాత్రం ఒక్కటి కూడా నోరు విప్పి చెప్పదు. ఏ ఫోల్డరులో ఉందో, ఛార్జింగ్ ఎంత మిగిలిందో, అన్నీ బొటనవేలంత తెర మీద చీమల్లాంటి అక్షరాలతో రాసి చూపిస్తుంది. పోనీ యంత్రాలకు మాట రాదనుకుందామా? మా వీధి టీ బండి మీది సౌండ్ బాక్సు పది రూపాయలు పడగానే నాలుగిళ్ల అవతలికి వినపడేలా తెలుగులో చాటింపు వేస్తుంది. లిఫ్టు తలుపులు మూసుకుంటున్నాయని చెబుతుంది. చెత్త బండి ఏకంగా పాటే పాడుతుంది. డబ్బులు వచ్చాయని చెప్పడానికి లేచిన నోరు, రికార్డింగు మొదలైందని చెప్పడానికి మాత్రం పడిపోతోంది.

హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే గుజరాతీ గల్లీకి వెళ్లి, "మెనూలు పైకి చదివే రికార్డరు ఉందా అన్నా?" అని అడిగాను. "అన్నీ మాట్లాడతాయ్ సార్. మీరు మాట్లాడితే అదీ మాట్లాడతది" అన్నాడు దుకాణదారు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. ఆ తర్వాత గొంతు తగ్గించి, పెన్నులా ఉండే సీక్రెట్ రికార్డరు ఒకటి చేతిలో పెట్టాడు. మన దగ్గర రికార్డరు అడిగినవాడు ఎవరి మీదో కన్నేశాడనే లెక్క. నల్ల కళ్లద్దాలు, తెల్ల కర్ర చూశాక కూడా నేను ఒకరి మీద కన్నేయగలనని నమ్మిన మొదటి మనిషి ఆయనే. ఆ గౌరవం నాకు ఇంట్లో కూడా దక్కలేదు.

ఇక అసలు లీల రికార్డు బటన్‌ది. చాలా రికార్డర్లలో దాన్ని ఒకసారి నొక్కితే రికార్డింగు మొదలవుతుంది. రెండోసారి నొక్కితే ఆగదు, పాజ్‌లోకి వెళ్తుంది. చూపున్నవాడికి ఎర్ర లైటు ఉంది, వెలుగుతోందో మిణుకుతోందో చూసుకుంటాడు. మనం ఏం చేస్తాం? క్లాసు మొదలవుతుంది, నొక్కుతాం, నొక్కుకుందో లేదో అని టెన్షన్, నిదానంగా ఇంకోసారి నొక్కుతాం. ఇంటికొచ్చి వింటే బెంచీ జరిపిన చప్పుడు, "అటెండెన్స్ తీసుకుందామా" అన్న మేడం గొంతు, వెనక ఎవరో తుమ్మడం. అంతే. మౌర్య సామ్రాజ్యం మొత్తం పాజ్‌లో వెళ్లిపోయింది. ఇది చాలదన్నట్టు పక్కన గోరంత హోల్డ్ స్విచ్ ఒకటి. జేబులో రాసుకుని అది జరిగిందంటే బటన్లన్నీ కట్టెల్లా పడుంటాయి. యంత్రం చచ్చిందో, బ్యాటరీ అయిపోయిందో, అలిగిందో చెప్పే దిక్కుండదు.

కంపెనీలన్నీ ఒకలాంటివని చెబితే పాపం. ఒలింపస్ వాళ్ల డీఎం సిరీస్‌లో మెనూలు చదివే గొంతు ఏళ్ల కిందటే వచ్చింది. ఫోల్డర్ ఏ, ఫోల్డర్ బీ అంటూ చెబుతుంటే చూపులేనివాళ్లు వాటిని అరిగేదాకా వాడారు. 2024లో జపాన్ రికార్డర్ల కంపెనీ జూమ్, 'ఎసెన్షియల్' అనే వరసలో హెచ్1, హెచ్4, హెచ్6 రికార్డర్లకు మాటలు నేర్పి బజార్లోకి వదిలింది. పైగా గుసగుసనీ అరుపునీ చెడకుండా పట్టుకునే 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో అవి రికార్డు చేస్తాయి కాబట్టి, శబ్దం హెచ్చిందా తగ్గిందా అని మీటరు మీద కన్నేసి కూర్చునే పని లేదు. అంటే కుర్రాడి ఉద్యోగాల్లో రెండు ఒకే దెబ్బకు పోయాయి. తెలుగు మాత్రం వాటికింకా రాలేదు. అది టీ బండికే వచ్చు.

పెట్టె మీద 'వాయిస్' అని కనిపించగానే మురిసిపోయే బంధువులు కొందరుంటారు. "వాయిస్ యాక్టివేటెడ్ అని రాసుంది బాబాయ్, తీసేసుకో" అంటారు. ఎవరైనా మాట్లాడితే తనంతట తాను రికార్డు చేయడం మొదలెడుతుందని దానర్థం. మనతో మాట్లాడుతుందని కాదు.

ఇంతా విన్నాక, "ఫోను ఉందిగా, ఇంకా రికార్డరెందుకు?" అనే పెద్దమనిషి తప్పకుండా వస్తాడు. ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీదివి పైకి చదివే టాక్‌బ్యాక్ తెలుగులో చక్కగా చదువుతుంది కూడా. ఎంత చక్కగా అంటే, పాఠంతో పాటు తన మాటలూ రికార్డింగులోకి ఎక్కించేస్తుంది. కళింగ యుద్ధంలో అశోకుడి మనసు మారే ఘట్టంలో "బ్యాటరీ 15 శాతం" అంటుంది. ఆయన బౌద్ధం స్వీకరించేలోపు పర్సనల్ లోన్ కావాలా అని ఎవరో కాల్ చేస్తారు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం కూడా అన్యాయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 43వ సెక్షను ఉంది. అందరూ వాడుకోగలిగేలా రూపొందించిన వస్తువుల తయారీని, పంపిణీని ప్రభుత్వం ప్రోత్సహించాలని అందులో రాశారు. రికార్డు బటన్ నొక్కారన్నమాట. ఆ తర్వాత ఇంకెవరైనా రెండోసారి నొక్కారేమో తెలీదు, ఎర్ర లైటు నాకు కనిపించదు.

అయినా కొనే తీరతామంటే ఒక్క పరీక్ష పెట్టండి. దుకాణంలోనే, కౌంటరు మీదే, అన్ని ఫైళ్లూ చెరిపేసే ఆప్షను దాకా తీసుకెళ్లమనండి. "నిజంగా చెరిపేయమంటారా?" అన్న ప్రశ్న వచ్చే చోట ఆగి, యస్ మీద ఏమంటుందో, నో మీద ఏమంటుందో చెవి ఒగ్గి వినండి. రెండింటికీ ఒకే "బీప్" కూస్తే మొహమాటపడకండి. సగమే మాట్లాడుతోంది కాబట్టి సగం ధరకే ఇమ్మనండి. దుకాణదారు మటుకు సగంతో ఆపడు. ఆయన అనేవన్నీ రికార్డు చేసుకోవచ్చు, బటన్ ఒక్కసారే నొక్కండి.