నాన్ బోర్డర్‌కి ఓ శిలాఫలకం పెట్టండి

ఉస్మానియా యూనివర్సిటీ మీద ఎవరు రాసినా ఆర్ట్స్ కాలేజీ ఫొటోతోనే మొదలుపెడతారు. ఆ రాయి, ఆ కమాన్లు, 1939లో నిజాం చేతుల మీద ప్రారంభం, బాగుంది కాదనట్లేదు. కానీ ఆర్ట్స్ కాలేజీలో ఎవరూ పడుకోరు కదండీ. పొద్దున వచ్చి సాయంత్రం పోయే బిల్డింగుకే అంత చరిత్ర ఉంటే, రాత్రిళ్లు కూడా గుడ్డు కూర గురించి లొల్లి జరిగే బిల్డింగులకి ఎంత ఉండాలి? అందుకే నేను హాస్టళ్ల గురించి రాస్తున్నా, ఇంకా సూటిగా చెప్పాలంటే ఆ హాస్టళ్లలో రికార్డుల ప్రకారం లేని మనుషుల గురించి.

వాళ్లనే నాన్ బోర్డర్లు అంటారు. బోర్డర్ అంటే అడ్మిషను, హాస్టల్ సీటు, మెస్ కార్డు మూడూ ఉన్నోడు. నాన్ బోర్డర్ అంటే ఈ మూడూ ఒకప్పుడు ఉన్నోడు. కోర్సు అయిపోతుంది, మెమోలు తీసుకుంటాడు, టీసీ తీసుకుంటాడు, బ్యాగు ఒక్కటే తీసుకోడు. ఇద్దరి రూములో ఆరుగురు ఉంటే అందులో నలుగురు సర్కారు లెక్కలో లేనట్టే, కానీ బాత్రూం ముందు క్యూలో మాత్రం ఆరుగురూ ఉంటారు, బకెట్టు వాళ్లదే ముందుంటుంది. వేదాంతులు ఉన్నదీ లేనిదీ అని గ్రంథాలకి గ్రంథాలు రాశారు గానీ ఒక్కసారి ఓయూ హాస్టల్‌కి వచ్చి చూసుంటే పది పేజీల్లో తేలిపోయేది.

అసలు తప్పు పేరులోనే ఉందని నా పరిశోధన. ఉర్దూలో హాస్టల్‌ని ఇఖామత్‌ఖానా అంటారు. ఇఖామత్ అంటే నివాసం, ఖానా అంటే చోటు. ఎన్నాళ్ల నివాసం అనేది ఆ మాటలో లేదు. 1918లో ఈ యూనివర్సిటీ పెట్టినప్పుడు పైచదువులు కూడా ఉర్దూలోనే చెప్పాలనుకున్నారు, దేశంలో ఒక దేశీ భాషలో యూనివర్సిటీ చదువు చెప్పడం అదే మొదలంటారు, చాలా పెద్ద ఆలోచన. అంత పెద్ద ఆలోచన చేసినవాళ్లు రెండేళ్ల పీజీకి వచ్చినోడు పన్నెండేళ్లు ఉంటాడేమో అని మాత్రం ఆలోచించలేదు. పాపం వాళ్ల తప్పేం లేదు, అప్పుడింకా మన దేశంలో సర్కారు కొలువుల పరీక్షలు పెట్టే సర్వీస్ కమిషన్లు పుట్టలేదు.

ఇప్పుడు 1938కి వద్దాం. హాస్టల్ ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడారు. పాడొద్దని యూనివర్సిటీ వాళ్లన్నారు. మేం పాడతాం అన్నారు. అంతే, పాడినోళ్లని హాస్టళ్ల నుంచి, ఆ తర్వాత చదువు నుంచి కూడా గెంటేశారు. ఆ గాలి వరంగల్ దాకా వీచింది, అక్కడ చదువుకుంటున్న పి.వి. నరసింహారావు లాంటి కుర్రాళ్లు కూడా కాలేజీ పోగొట్టుకున్నారు. చాలామందిని నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. ఆయన తర్వాత ఏమయ్యాడో మీకు తెలుసు.

తమాషా చూడండి. ఫీజు కట్టి, సీటు ఉండి, ఉదయం లేచి క్లాసుకి పోయే పక్కా బోర్డర్‌ని ఆ రోజుల్లో ఒక్క ఆర్డర్‌తో గేటు బయట నిలబెట్టారు. ఇవాళ సీటు లేదు, ఫీజు లేదు, క్లాసు అసలే లేదు, అయినా నాన్ బోర్డర్‌ని బయటికి పంపడం ఎవడి తరమూ కావట్లేదు. నోటీసు అంటిస్తే దాని వెనకాల కరెంట్ అఫైర్స్ నోట్స్ రాసుకుంటాడు (ఒక వైపు ఖాళీ కదా మరి). తాళం వేస్తే పక్క రూముకి పోతాడు. పక్క రూముకీ తాళం వేస్తే కారిడార్‌లో పరుపు వేస్తాడు, కారిడార్‌లో గాలి బాగా వస్తుందని రూములో ఉన్న బోర్డర్ కూడా బయటికొచ్చి ఆయన పక్కనే పడుకుంటాడు.

నన్నడిగితే ఈ యూనివర్సిటీ చరిత్ర అంటే డిగ్రీల చరిత్ర కాదు, "ఖాళీ చేయండి" అనే మాట చరిత్ర. 1938లో చెప్పారు, వెళ్లాల్సొచ్చింది. 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చి చదువులే ఆగిపోయాయి, అయినా క్యాంపస్ ఆగలేదు. 2009 చలికాలంలో సెలవులిచ్చి హాస్టళ్లు ఖాళీ చేయండి అన్నారు, ఈసారి ఎవరూ కదల్లేదు. బయట పోలీసులు, బాష్పవాయువు, లోపల కళ్లకి తడి తువ్వాళ్లు కట్టుకున్న పిల్లలు. దాని మీద జోకు వెయ్యడానికి నాకు చెయ్యి రావట్లేదు కాబట్టి వెయ్యను. డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది, 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

రాష్ట్రం ఎందుకన్నారు? నీళ్లు, నిధులు, నియామకాలు. మూడోదాని కోసమే మా నాన్ బోర్డర్ అన్న మంచం మీద కూర్చుని ఎదురుచూడటం మొదలుపెట్టాడు. కొత్త రాష్ట్రంలో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది, 503 పోస్టులు. అంటే ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లలో పిల్లాడు ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి పూర్తి చేస్తాడు, అన్న మాత్రం అదే మంచం. సరే వచ్చింది కదా అని అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకైందని తేలి మరుసటేడు రద్దు చేశారు. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు. హైకోర్టు ఆ పరీక్ష కూడా రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాతది పక్కన పెట్టి 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. ఒకే గుమ్మం మూడుసార్లు దాటినా ఇంట్లోకి రాని మనిషిని ఎక్కడైనా చూశారా? ఇప్పుడు చెప్పండి, ఈయన్ని హాస్టల్ వదలట్లేదని తిడతారా? హాస్టల్ వదలనిది ఆయనా, ఆయన్ని వదలనిది నోటిఫికేషనా?

అలాగని అన్న ఖాళీగా కూర్చుంటాడనుకునేరు. నాకు తెలిసి ఏ హాస్టల్ అయినా నడిచేది ఆయన మీదే. కొత్తగా ఆదిలాబాద్ నుంచో నల్లగొండ నుంచో ట్రంకు పెట్టెతో దిగిన జూనియర్‌కి స్కాలర్‌షిప్ ఫారం నింపేది ఎవరు? ఏ కౌంటర్ దగ్గర ఏ సారు ఎన్ని గంటలకి చాయ్‌కి పోతాడో చెప్పేది ఎవరు? జ్వరం వస్తే అర్ధరాత్రి బండి మీద ఎక్కించుకుని పోయేది ఎవరు? ఆఫీసులో ఫైలు పోతే "తమ్మీ, 2011లో కూడా గిట్లనే పోయింది, వెనక బీరువా కింది అరలో చూడుమను" అని చెప్పగలిగేది ఎవరు? వార్డెన్లు మారతారు, వీసీలు మారతారు, ముఖ్యమంత్రులు మారతారు. అన్న మారడు. ఆయన్ని రికార్డ్ రూం అనుకోండి, కాకపోతే లుంగీ కట్టుకుంటుంది.

మెస్ సంగతి కొంచెం సున్నితం. డివైడింగ్ సిస్టమ్ ఉన్నచోట నెల ఖర్చంతా కార్డులున్న వాళ్ల మధ్యనే పంచుతారు, తిన్నవాళ్ల మధ్య కాదు. అంటే అన్న తిన్న చికెన్ ముక్క నలభై మంది తమ్ముళ్ల బిల్లుల్లో తలా కాస్త కనపడుతుంది. ఆర్థిక శాస్త్రంలో దీనికి పెద్ద పేరేదో ఉంటుంది, హాస్టల్లో "పోనీలే అన్నే కదా" అంటారు. బిల్లు కట్టాల్సిన తమ్ముడిదీ అదే కథ, వాడి స్కాలర్‌షిప్ సర్కారు దగ్గర బకాయి, వాడు మెస్‌కి బకాయి, మెస్ కిరాణా షాపుకి బకాయి. ఈ గొలుసులో ఎవరికీ ఏ బకాయీ లేనోడు అన్న ఒక్కడే, ఎందుకంటే ఆయన లెక్కలోనే లేడు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ మహత్తర సంప్రదాయం మొత్తం మగపిల్లల హాస్టళ్లదే. అమ్మాయిల హాస్టల్‌కి గేటు ఉంటుంది, గేటుకి టైం ఉంటుంది, టైంకి సంతకం ఉంటుంది. నోటిఫికేషన్ రద్దయితే ఆమెకీ రద్దయినట్టే, కానీ మంచం ఆమె కోసం ఆగదు, ఊళ్లో పెళ్లిచూపులు ఆగవు. తార్నాకలోనో విద్యానగర్‌లోనో ప్రైవేటు హాస్టల్‌కి నెలనెలా డబ్బులు కట్టుకుంటూ చదువుతుంది. ఆవిడ మీద వ్యంగ్య వ్యాసం రాయడం కష్టం, అందుకే అందరం అన్న మీదే రాస్తాం.

కాబట్టి నా డిమాండ్లు వినయంగా మనవి చేసుకుంటున్నా. ప్రతి హాస్టల్ ముందు ఓ శిలాఫలకం పెట్టాలి, పేర్లు రాయొద్దు, పేర్లు రాస్తే రికార్డయిపోతాం అని అన్నలే ఒప్పుకోరు. పన్నెండేళ్లు పూర్తి చేసినోళ్లకి గౌరవ వార్డెన్ హోదా ఇవ్వాలి, జీతం వద్దు, మెస్ కార్డు చాలు.

ఈ ఫలకం సంగతి మొన్న అలాంటి ఓ అన్నకే చెప్పా. అప్పుడే ఆయన మంచం కింది ట్రంకు పెట్టె బయటికి లాగి దుమ్ము దులుపుతున్నాడు, ఇంక ఊరికి పోతా తమ్మీ, నాన్నకి చాతనైతలేదు అన్నాడు. నేనేం మాట్లాడలేదు. ఇంతలో కారిడార్ చివర ఎవడో ఫోన్ పట్టుకుని అరిచాడు, గ్రూప్-2 మీద ఏదో అప్‌డేట్ వచ్చిందంట. అన్న చీపురు పక్కన పెట్టి ఒక నిమిషం అని వెళ్లాడు. నేను ట్రంకు పెట్టెని కాలితో మళ్లీ మంచం కిందికి నెట్టి కూర్చున్నా, దారికి అడ్డంగా ఉందని.