సవరణ: బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు పాత రెగ్యులేటర్ ఉంచొద్దు

తిరుపతి ఎండలకు పాత ఫ్యాన్ల బదులు బీఎల్‌డీసీ ఫ్యాన్లు (బ్రష్‌లు లేని మోటారుతో, తక్కువ కరెంటుకే తిరిగేవి) పెట్టుకోవడం గురించి ఇంతకు ముందు రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది: గోడమీద ఉన్న రెగ్యులేటర్‌ను 5లో పెట్టి వదిలేస్తే చాలన్నాం. అది సరి కాదు. స్టెప్ రెగ్యులేటర్ (ఒక్కో అంకె దగ్గర టక్కున ఆగేది) 5లో ఉంటే కరెంటు సాధారణంగా ఫ్యాన్‌కు నేరుగానే అందుతుంది, నిజమే. కానీ ఇంట్లో పిల్లలో, చుట్టాలో దాన్ని 2కు తిప్పితే ఫ్యాన్ లోపలి సర్క్యూట్‌కు సరైన వోల్టేజి అందదు. ఫ్యాన్ గుయ్యిమంటుంది, ఆగి ఆగి తిరుగుతుంది, చివరికి ఆ సర్క్యూటే పాడవచ్చు. అంకెల దగ్గర ఆగకుండా గుండ్రంగా తిరిగే డిమ్మర్ రకమైతే ఫుల్‌లో పెట్టినా నమ్మలేం.

కాబట్టి రెగ్యులేటర్‌ను తీసేయండి. మెయిన్ ఆఫ్ చేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే స్విచ్‌బోర్డు విప్పాలి. రెగ్యులేటర్‌కు వచ్చే రెండు వైర్లను ఊడదీసి, ఒకే కనెక్టర్‌లో స్క్రూతో బిగించాలి. మెలేసి టేపు చుట్టడం వద్దు. వేడికి జిగురు కారి టేపు ఊడుతుంది. స్పీడు ఇక రిమోట్‌తోనే. రెగ్యులేటర్‌తో పనిచేసే మోడళ్లూ ఉన్నాయి, అట్టపెట్టె మీద ఆ మాట ఉంటేనే ఉంచండి.

రెండోది లెక్క. ఒక్కో ఫ్యాన్‌కు నెలకు 28 యూనిట్ల కరెంటు మిగులుతుందన్నాం. అది రోజుకు 20 గంటలు తిరిగితే. 75 వాట్ల ఫ్యాన్ బదులు 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్, ఫుల్ స్పీడులో రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు మిగిలేది దాదాపు 17 యూనిట్లే. తక్కువ స్పీడులో వాడేవాళ్లకు ఆ మిగులు ఇంకా తగ్గుతుంది.