భూగర్భ వైఫై పక్షాన ఒక విన్నపం

మెట్రోలో ఉచిత వైఫైని ఆడిపోసుకోవడం ఈ మధ్య మరీ ఎక్కువైంది. పైసా కట్టనివాళ్ల నోళ్లే పెద్దవి. ‘కనెక్ట్ అయింది గానీ ఏమీ రావట్లేదు’ అని గొడవ. స్టేషన్ గోడ మీద బోర్డు ఒకసారి సరిగ్గా చదవండి. ‘ఉచిత వైఫై’ అని ఉంటుంది. ఉచిత ఇంటర్నెట్ అని ఎవరూ రాయలేదు, ఎవరూ మాటివ్వలేదు. వైఫై అంటే మీ చేతిలోని ఫోనుకీ పైకప్పుకి బిగించిన డబ్బాకీ మధ్య సంబంధం, అంతవరకే. తెర మూలన గీతలు నిండుగా వెలిగాయంటే ఆ డబ్బా మీ మాట చక్కగా వింటోందని. డబ్బా మాట బయట ఎవరైనా వింటున్నారా లేదా అన్నది ఆ గీతలకు తెలియదు. వాటి పక్కన చిన్న ఆశ్చర్యార్థకం వచ్చి నిలబడిందంటే మాత్రం సంగతి ఫోనుకి కూడా తెలిసిపోయింది. ఇంత నిజాయతీగా చెప్పే సేవ మీద ఫిర్యాదేమిటి?

ముందు సమయం లెక్క చూద్దాం. రైలు స్టేషన్లో ఆగేది మామూలుగా 20 నుంచి 30 సెకన్లు. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు సొరంగం. న్యూయార్క్ సబ్‌వేలో 2017 జనవరికల్లా దాదాపు అన్ని భూగర్భ స్టేషన్లకూ వైఫై వచ్చింది. వచ్చింది స్టేషన్లకే, సొరంగాలకు కాదు. ఇలాంటి ఏర్పాటు ఉన్న చోట రైల్లో కూర్చున్నవాడి ఫోను ఆ 20 సెకన్లలో ఏమేం చేయాలో చూడండి. ఛానళ్లు (వైఫై నడిచే రేడియో దారులు) గాలించాలి, నెట్‌వర్క్ పేరు పట్టుకోవాలి, డబ్బాతో జత కలవాలి, ఐపీ అడ్రస్ (నెట్‌వర్కులో ఫోనుకి ఇచ్చే చిరునామా) అడిగి తెచ్చుకోవాలి, బయట ప్రపంచం ఉందో లేదో పరీక్షించాలి, లేదని తేలాక లాగిన్ పేజీ తెరవాలి. అన్నీ కలిసొస్తే ఇదంతా కొద్ది సెకన్ల పని. తర్వాత మీ వంతు: భాష ఎంచుకోవడం, షరతులు చదివినట్టు టిక్కు పెట్టడం, ఫోన్ నంబరు కొట్టడం, ఓటీపీ కోసం చూడటం, ప్రకటన పూర్తయ్యేదాకా ఆగడం, చివరికి ‘కనెక్ట్’ నొక్కడం. మీ వేలు ఆ మీట మీద పడే సరికి తలుపులు మూసుకుంటాయి. ఇంత కచ్చితమైన సమయపాలన రైళ్ల రాకపోకల్లో కూడా కనబడదు.

ఓటీపీ సంగతి విడిగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ వ్యవస్థ మొత్తంలో తాత్విక లోతు ఉన్నది అక్కడే. భూమి కింద మొబైల్ సిగ్నల్ అందదు కాబట్టి వైఫై పెట్టారు. ఆ వైఫై తెరుచుకోవాలంటే ఎస్ఎంఎస్ రావాలి. ఎస్ఎంఎస్ రావాలంటే మొబైల్ సిగ్నల్ కావాలి. సిగ్నల్ ఉన్నవాడికి వైఫై అక్కర్లేదు, అక్కర ఉన్నవాడికి సిగ్నల్ లేదు. వేదాంతులు తేల్చలేని చిక్కుముడిని ఒక చిన్న ఫారంలో ఇమిడ్చిన వారికి నమస్కారం పెట్టాలి గానీ తిట్టడమా? దీనికి విరుగుడు ఉందని కొందరు గుసగుసలాడతారు. పైన వీధిలోనో, టికెట్ గేట్ల దగ్గరో, మొబైల్ సిగ్నల్, వైఫై రెండూ అందే చోట నిలబడి ముందే లాగిన్ అయిపోవచ్చట. చాలా నెట్‌వర్కులు ఒకసారి ఒప్పుకున్న ఫోనుని కొన్ని గంటలో, ఒక రోజో గుర్తుంచుకుంటాయి కాబట్టి కింద మళ్లీ అడగవట. నిజమే. కానీ ఇది పరీక్షకు ముందు ప్రశ్నపత్రం చూడటంతో సమానం.

ఒకవేళ ఎస్ఎంఎస్ రానే వచ్చిందనుకోండి. అప్పుడు అసలు ఘట్టం. లాగిన్ పేజీ తెరుచుకునేది మీ మామూలు బ్రౌజర్లో కాదు, ఫోను తనంతట తాను తెరిచే చిన్న కిటికీలో. ఓటీపీ చూద్దామని మెసేజీల యాప్‌లోకి వెళ్లారంటే చాలా ఫోన్లలో ఆ కిటికీ మూసుకుపోతుంది. దానితోపాటు కనెక్షనూ తెగొచ్చు. తిరిగొచ్చాక ఫారం మొదటి నుంచి, ఇంకో ఓటీపీ. కిటికీ వదలకుండా, తెర పైభాగాన నోటిఫికేషన్ జారిన రెండు సెకన్లలో ఆరంకెలు కంఠతా పట్టడమే మార్గం. జ్ఞాపకశక్తి తగ్గిపోతోందని వాపోయే తరానికి ఇంతకంటే మంచి కసరత్తు ఎవరు పెడతారు?

అసలు ఆ పేజీ తెరుచుకోవడమే లేదని ఇంకో వర్గం ఏడుపు. తప్పు మీదే. ఫోను వైఫైలో చేరగానే బయటికి దారి ఉందో లేదో ఒక చిన్న పరీక్ష చేసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోనైతే గూగుల్ సర్వర్‌ని ఒక ఖాళీ జవాబు అడుగుతుంది. 204 అనే సంఖ్య వస్తే దారి తెరిచి ఉన్నట్టు. యాపిల్ ఫోను ఒక చిన్న పేజీ అడిగి, అందులో ‘సక్సెస్’ అన్న మాట కోసం చూస్తుంది. మెట్రో వైఫై ఆ అడిగినదాన్ని మధ్యలో పట్టేసి, దాని బదులు తన లాగిన్ పేజీ చేతిలో పెడుతుంది. ఇది తాళం వేయకుండా డేటా పంపే పాత హెచ్‌టీటీపీ మీద మాత్రమే నడిచే విద్య. మీరు అసహనంతో మీ బ్యాంకు పేరో, మెయిలు పేరో కొడితే అవి డేటాకి తాళం వేసే హెచ్‌టీటీపీఎస్ సైట్లు, మధ్యలో ఎవరైనా చేయిపెడితే బ్రౌజరు ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని అరిచి తలుపేసుకుంటుంది. పేజీ రాకపోతే చేయాల్సింది వేరు: అడ్రస్ పట్టీలో ‘నెవర్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్’ అనో, ‘క్యాప్టివ్ డాట్ యాపిల్ డాట్ కామ్’ అనో, ముందు హెచ్‌టీటీపీ పెట్టి కొట్టాలి. అప్పుడు లాగిన్ పేజీ బుద్ధిగా వచ్చి నిలబడుతుంది. వీపీఎన్ (డేటాకి తాళం వేసి వేరే సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు) ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుకునే జాగ్రత్తపరులకు, ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌కి (సైట్ పేర్లకు అడ్రస్సులు వెతికిపెట్టే సేవకి) సొంత సర్వర్ పేరు రాసుకున్న మహానుభావులకు ఇది కూడా పనిచేయకపోవచ్చు. లాగిన్ అయ్యేదాకా వాటిని ఆపి, అయ్యాక మళ్లీ పెట్టుకోవాలి. రక్షణ కావాలంటే ముందు రక్షణ తీసేయమనడంలో ఉన్న అందం అందరికీ అర్థం కాదు.

లాగిన్ పేజీ ఎక్కడుందో ఫోనుకి నెట్‌వర్కే మర్యాదగా చెప్పేయడానికి 2020లో ఒక ప్రమాణం కూడా రాసుకున్నారు. ఐపీ అడ్రస్ ఇచ్చేటప్పుడే పేజీ చిరునామా కూడా చేతిలో పెట్టేస్తే దారికాచి పట్టుకోవాల్సిన అవసరం ఉండదు. ఆండ్రాయిడ్ 11 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లకు అది అర్థమవుతుంది. అయినా దారికాచే సంప్రదాయాన్ని వదులుకోని నెట్‌వర్కులు ఉన్నాయి. పాత కళలు ఇలాగే బతుకుతాయి.

‘నిన్న లాగిన్ అయ్యాను, ఇవాళ మళ్లీ అడుగుతోంది’ అనేది తర్వాతి ఫిర్యాదు. నెట్‌వర్క్ మిమ్మల్ని గుర్తుపట్టేది మీ ముఖం చూసి కాదు, ఫోను చెప్పుకునే గుర్తింపు సంఖ్య, అంటే మ్యాక్ అడ్రస్ చూసి. ఎవరూ వెంటపడకూడదని ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్కుకీ ఒక్కో మారుపేరు చెబుతున్నాయి. కొత్త యాపిల్ ఫోన్లలో ‘రొటేటింగ్’ అన్న సెట్టింగు ఉంటే ఆ మారుపేరు కూడా సుమారు రెండు వారాలకోసారి మారుతుంది. వేషం మార్చుకుని వెళ్లి ‘నన్ను గుర్తుపట్టలేదేం’ అని అలగడం న్యాయమా? ఆ ఒక్క నెట్‌వర్కుకి ‘ఫిక్స్‌డ్’ అని పెట్టుకుంటే గొడవ తగ్గుతుంది, మీ రాకపోకలు వాళ్లకు తేలిగ్గా కనబడతాయి. ఏది కావాలో తేల్చుకోండి.

కనబడటం అంటే ఉత్త మాట అనుకోవద్దు. లండన్ రవాణా సంస్థ 2016 నవంబరు, డిసెంబరుల్లో నాలుగు వారాలపాటు 54 భూగర్భ స్టేషన్లలో వైఫై ద్వారా ఫోన్ల కదలికల్ని నమోదు చేసి చూసింది. వ్యక్తుల గుర్తింపులు తెలియకుండా అడ్రస్సుల్ని మార్చేసి, 56 లక్షల పరికరాల ప్రయాణాలు లెక్కగట్టారు. కింగ్స్ క్రాస్ నుంచి వాటర్లూకి జనం కనీసం 18 రకాల దారుల్లో వెళుతున్నారని అప్పుడే తేలింది. గేటు దగ్గర కార్డు లోపలికెళ్లిందీ, బయటికొచ్చిందీ చెబుతుంది గానీ మధ్యలో ఏ రైలు మారారో చెప్పలేదు. వైఫై చెప్పగలదు. రద్దీ తగ్గించడానికి ఇది నిజంగా పనికొచ్చే సమాచారమే, వ్యంగ్యం పక్కనబెట్టి ఒప్పుకుంటాను. మీకు ఇంటర్నెట్ దొరకకపోయినా మీ ద్వారా ఎవరికో ఏదో దొరికిందన్నమాట.

ఇక రద్దీ వేళ. లాగిన్ పేజీ దాకా కూడా పోకుండా ‘ఐపీ అడ్రస్ పొందుతోంది’ దగ్గరే చక్రం తిరుగుతూ ఉంటే కారణం సులువు: అడ్రస్సులు అయిపోయాయి. ఒక చిన్న నెట్‌వర్కులో పంచడానికి ఉండేవి 254. ప్లాట్‌ఫారం మీద జనం అంతకు మూడు రెట్లు. పైగా ఒక్కో అడ్రస్సుని 24 గంటల గడువుతో అద్దెకిచ్చే సెట్టింగు ఎవరో అలాగే వదిలేసి ఉంటే, పొద్దున్నే దిగి ఆఫీసుకు వెళ్లిపోయిన వాళ్ల ఆత్మలు సాయంత్రం దాకా ఆ అడ్రస్సుల్లోనే కాపురముంటాయి. గడువు అరగంటకు కుదిస్తే, నెట్‌వర్క్ పెద్దది చేస్తే తీరిపోయే జబ్బు. ల్యాప్‌టాప్ తెరిచినవాళ్లు 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే ఆశ వదులుకోవచ్చు. ఎవరూ ఇవ్వకపోతే యంత్రం తనకు తాను పెట్టుకునే అడ్రస్ అది.

రైలు పెట్టెల్లోనే వైఫై ఉంటే ఈ బాధ ఉండదని కొందరి వాదన. పెట్టెలో ఉండే రౌటరుకీ ఇంటర్నెట్ ఎక్కడి నుంచో రావాలి కదా. చాలా చోట్ల అది పెట్టె మీది యాంటెన్నాతో మొబైల్ నెట్‌వర్కునే పట్టుకుని, ఆ ఒక్క కనెక్షన్‌ని పెట్టెడు జనానికి పంచుతుంది. మీ ఫోనులో సిగ్నల్ రాని సొరంగంలో అదే టవరు సిగ్నల్ దానికీ రాదు. సొరంగం గోడ వెంట లీకీ కేబుల్ (పొడవునా సిగ్నల్ బయటికి వదిలే తీగ) వేసి ఉంటే ఇద్దరికీ వస్తుంది. అప్పుడు మీ సొంత డేటాయే వేగంగా ఉండే అవకాశం ఎక్కువ. నలభై మందితో పంచుకోనక్కర్లేదు మరి. రైలుకీ గోడకీ మధ్య విడిగా రేడియో లంకె వేసిన చోట మాత్రం మాట వేరు, అక్కడ నిజంగానే బాగుంటుంది. అలాంటి చోట్ల నా వాదనకు బలం లేదు కాబట్టి వాటి గురించి ఎక్కువ మాట్లాడను.

రైలు కదులుతున్నా ఫోను పాత డబ్బాని వదలకపోవడం ఇంకో విశేషం. యాపిల్ ఫోను సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం) దాకా పడితే గానీ కొత్త డబ్బా కోసం వెతకదు. అది వెతకడం మొదలెట్టేసరికి రైలు ప్లాట్‌ఫారం దాటేసి ఉంటుంది. దీనికి తోడు వైఫై వాడే రేడియో పట్టీల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. కాబట్టి ఫోను వీలిచ్చిన చోటల్లా 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఎంచుకోవడం మేలు.

అన్నిటికంటే గొప్ప సేవ మాత్రం అడగకుండానే అందుతుంది. ఒకసారి చేరిన పాపానికి ఫోను ఆ పేరు గుర్తుపెట్టుకుంటుంది. మర్నాడు సొంత డేటా మీద పాట హాయిగా నడుస్తుండగా రైలు స్టేషన్లోకి వస్తుంది, ఫోను పాత స్నేహంతో పరుగెత్తి వైఫైలో చేరుతుంది, లాగిన్ పేజీ మౌనంగా ఎదురుచూస్తుంది, పాట ఆగుతుంది. రైలు బయల్దేరాక మళ్లీ మొదలవుతుంది. తర్వాతి స్టేషన్లో మళ్లీ ఇదే తంతు. ఆ నెట్‌వర్క్ సెట్టింగుల్లో ‘ఆటో జాయిన్’ ఆపేస్తే, లేదా ‘ఫర్గెట్’ నొక్కితే ఆగిపోతుంది. ప్రతి స్టేషనూ ఇలా తెలియజేసే ఉచిత సూచనని ఎందుకు వదులుకోవాలో మీరే ఆలోచించండి.

భద్రత గురించి భయపెట్టేవాళ్లు చెప్పేదాంట్లో సగమే నిజం. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ పేరుని ఎవరైనా పెట్టుకోవచ్చు, పక్క సీట్లో కూర్చున్నవాడు కూడా. కానీ బ్యాంకు యాప్ మాటలు హెచ్‌టీటీపీఎస్ ముసుగులోనే పోతాయి కాబట్టి గాల్లో పట్టుకుని చదవడం కుదరదు. ప్రమాదమంతా రెండు చోట్ల: సైట్ అసలుదో కాదో చెప్పే సర్టిఫికెట్ గురించి హెచ్చరిక వచ్చినా ‘పర్లేదు, ముందుకు పో’ అని నొక్కడం, దొంగ లాగిన్ పేజీ అడిగిందని మెయిలు పాస్‌వర్డో కార్డు నంబరో ఇచ్చేయడం. ఉచిత వైఫైకి కార్డు నంబరుతో పనిలేదు.

ఇంత అనుభవాన్ని రద్దు చేయాలని చూసే కుట్ర ఒకటి ఉంది. దాని పేరు పాస్‌పాయింట్, 2012 నుంచి ఉంది. ఒకసారి ఫోనులో ప్రొఫైల్ (లాగిన్ వివరాలున్న సెట్టింగుల ఫైలు) వేసుకుంటే ఆ తర్వాత పేజీ లేదు, టిక్కు లేదు, ఓటీపీ లేదు. ఫోను దానంతటదే, డేటాకి తాళం వేసే ఎన్‌క్రిప్షన్‌తో చేరిపోతుంది. మరి పేజీ పోతే ప్రకటన ఎక్కడ పెట్టాలి? మీ ఫోన్ నంబరు, ఈమెయిలు ఎవరు అడగాలి? చాలా చోట్ల ఈ ఉచితానికి ఖరీదు కడుతున్నది ఆ పేజీయే. అవతలికి ఇంటర్నెట్ వస్తే అది కొసరు. స్టేషన్ వైఫై జాబితాలో అదే పేరుకి ‘సెక్యూర్’ అన్న తోక, పక్కన తాళం గుర్తు ఉన్న రెండో నెట్‌వర్క్ కనిపిస్తే అది ఇలాంటిదే కావచ్చు. నిర్వాహకుల సొంత యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో దానికి ప్రొఫైల్ దొరుకుతుందేమో చూడాలని మీకు అనిపిస్తుంది. చూడకండి. ప్రకటన ఇంకా 11 సెకన్లుంది.