‘0.25 శాతం ద్రవ్యోల్బణం పచ్చి అబద్ధం’ అంటున్న మెసేజ్‌లో తప్పులెక్కడ?

బెంగళూరులో ఐఎస్‌ఎస్‌కు (ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు), రాష్ట్ర గణాంక శాఖల ఉద్యోగాలకు చదువుతున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంది. విజయనగర్ స్టడీ హాళ్లలో, మారతహళ్లి పీజీల్లో అది అందనివాళ్లు తక్కువ. అందులో ఉన్నది ఇదీ: ‘2025 అక్టోబరులో ద్రవ్యోల్బణం 0.25 శాతమట. మన గది అద్దె మాత్రం పది శాతం పెరిగింది. అంకెలు వండుతున్నారు. ప్రభుత్వానికే ఆ అంకె మీద నమ్మకం లేదు, అందుకే ఉద్యోగుల డీఏకి వేరే సూచీ వాడుతుంది. ఏడాదికి ఒక్క గంట పనిచేసినా ఉద్యోగం ఉన్నట్టే రాస్తారు. జీడీపీని నాలుగుసార్లు మారుస్తారు. కాబట్టి అఫీషియల్ స్టాటిస్టిక్స్ (ప్రభుత్వ గణాంకాలు) చదవడం దండగ, ఇన్‌ఫరెన్స్ (శాంపిల్ నుంచి నిర్ధారణలు తీసే సిద్ధాంతం) మీద కూర్చుంటే చాలు.’

అద్దె పెరిగిన మాట నిజం, దాని మీద కోపమూ న్యాయమే. కానీ ఇందులో ప్రతి వాక్యం ఏదో ఒక నిర్వచనాన్ని తప్పుగా పట్టుకుంది. రేపు ఈ అంకెలను తయారు చేయబోయేవాళ్లే ఈ మెసేజ్‌ని ముందుకు తోస్తున్నారు కాబట్టి ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

‘అద్దె పది శాతం పెరిగింది, కాబట్టి 0.25 అబద్ధం’

0.25 శాతం అంటే 2024 అక్టోబరు ధరలతో పోలిస్తే వచ్చిన మార్పు. మరి ఆ 2024 అక్టోబరు ఎలాంటి నెల? అప్పుడు ద్రవ్యోల్బణం 6.21 శాతం, కూరగాయల్లో అయితే 42.18 శాతం. అంత ఎత్తున ఉన్న ధరలతో పోల్చినప్పుడు ఏడాది తిరిగేసరికి కూరగాయలు 27 శాతానికి పైగా తగ్గాయి. రెండేళ్లు కలిపి గుణించండి: 1.42ని 0.73తో గుణిస్తే 1.04 లోపు వస్తుంది. అంటే 2023 అక్టోబరుతో పోలిస్తే కూరగాయలు మూడు నాలుగు శాతం పెరిగే ఉన్నాయి. మొత్తం సూచీకి ఇదే లెక్క వేస్తే రెండేళ్ల పెరుగుదల ఆరున్నర శాతం. రేటు తగ్గితే ధరలు తగ్గినట్టు కాదు. బేస్ ఎఫెక్ట్ అనేది ఇదే. ఏడాది రేటు చూసిన ప్రతిసారీ, అంతకు ముందు ఏడాది అదే నెలలో ఏం జరిగిందో చూడటం అలవాటు చేసుకోవాలి.

ఇక వెయిటేజీ, అంటే మొత్తం ఖర్చులో ఒక్కోదానికి సూచీ ఇచ్చే వాటా. 2012 బేస్ (ఆ ఏటి ధరలను 100గా తీసుకున్న) వినియోగదారుల ధరల సూచీ, సీపీఐలో ఆహారం, పానీయాల వాటా గ్రామాల్లో 54.18 శాతం, పట్టణాల్లో 36.29, రెండూ కలిపితే 45.86. ఇంటి వాటా పట్టణాల్లో 21.67, గ్రామాల్లో అసలు లేదు, కలిపితే 10.07. ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. అద్దె 10 శాతం పెరిగింది, ఆహారం 5 శాతం తగ్గింది, మిగతావన్నీ 2 శాతం పెరిగాయి అనుకోండి. ఖర్చులో 40 శాతం అద్దెకు, 25 శాతం తిండికి, 35 శాతం మిగతావాటికి పోయే బెంగళూరు కుర్రాడి ద్రవ్యోల్బణం: 4.00 నుంచి 1.25 తీసి 0.70 కలిపితే 3.45 శాతం. అవే ధరలకు పట్టణ వెయిటేజీ వేస్తే 1.19. గ్రామీణ వెయిటేజీ వేస్తే మైనస్ 1.79. రెండూ కలిపిన వెయిటేజీకి మైనస్ 0.40. ధరల మార్పు ఒక్కటే, వచ్చిన జవాబులు నాలుగు. ఎవరూ ఏమీ వండలేదు. దేశం మొత్తానికి వేసిన సగటును తన గదికి అన్వయించుకోవడం దగ్గర మెసేజ్ రాసినవారు పొరబడ్డారు.

అద్దె విషయంలో ఇంకో తేడా ఉంది. కొత్తగా గది వెతుక్కునేవాళ్లకు కనిపించేది ఇవాళ టు-లెట్ బోర్డు మీద చెబుతున్న అద్దె. ఆ 2012 బేస్ సూచీలోకి వెళ్లింది శాంపిల్‌లో ఉన్న ఇళ్లలో ఇప్పటికే ఉంటున్నవాళ్లు కడుతున్న అద్దె, అదీ ఒక్కో ఇంటి దగ్గర ఆరు నెలలకోసారి అడిగి రాసుకున్నది. పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసేదాకా పాత అద్దే నడుస్తుంది కాబట్టి మార్కెట్ వేడి సూచీకి ఆలస్యంగా తగులుతుంది.

పాత శ్రేణిని నిజంగా తప్పుపట్టాలంటే అందుకు గట్టి ఆధారమే ఉంది. ఆ వెయిటేజీలు 2011-12 వినియోగ వ్యయ సర్వే నుంచి వచ్చాయి. అప్పుడు గ్రామీణ కుటుంబాల ఖర్చులో ఆహారం 52.90 శాతం, పట్టణాల్లో 42.62. 2023-24 సర్వేకి వచ్చేసరికి అవి 47.04కి, 39.68కి దిగాయి. జనం తిండి మీద పెట్టే వాటా తగ్గినా సూచీ పాత వాటాతోనే నడిచింది. అందుకే 2025 అక్టోబరులో ఆహార ధరలు ఐదు శాతం తగ్గినప్పుడు మొత్తం అంకెను ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా కిందికి లాగాయి. 2026లో వచ్చిన 2024 బేస్ శ్రేణి ఈ లోపాన్ని సరిదిద్దడానికే కొత్త సర్వే వెయిటేజీలు తీసుకుంది, గ్రామీణ ఇళ్ల అద్దెనూ చేర్చింది. మెసేజ్ ఇది చెప్పి ఉంటే మేమూ ఫార్వర్డ్ చేసేవాళ్లం.

‘డీఏకి వేరే సూచీ వాడుతున్నారంటే నమ్మకం లేనట్టే’

డీఏకి, అంటే కరవు భత్యానికి, వాడేది పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ, సీపీఐ-ఐడబ్ల్యూ. దాన్ని తయారు చేసేది కార్మిక శాఖలోని లేబర్ బ్యూరో. 2016 బేస్, 88 కేంద్రాలు, బెంగళూరు వాటిలో ఒకటి. కార్మిక కుటుంబాల బుట్టతో లెక్క కట్టే ఈ సూచీ దేశవ్యాప్త సీపీఐ కన్నా దశాబ్దాలు పాతది, జీతాల లెక్కలు మొదటి నుంచీ దీనికే ముడిపడి ఉన్నాయి. 

ఏడో వేతన సంఘం లెక్క ఇలా ఉంటుంది. పన్నెండు నెలల సగటు 144 అనుకోండి. దాన్ని 2.88 అనే లింకింగ్ ఫ్యాక్టర్‌తో గుణిస్తే పాత 2001 బేస్‌లో 414.72. అందులోంచి వేతన సంఘం ప్రారంభ సూచీగా తీసుకున్న 261.42 తీసేస్తే 153.30. దాన్ని మళ్లీ 261.42తో భాగిస్తే 58.64 శాతం. దశాంశం వదిలేసి 58 శాతం డీఏ. చాలామంది 2.88తో గుణించడం మరిచిపోతారు, వెంటనే జవాబు మైనస్‌లోకి పోతుంది. బేస్ మారిన సూచీలను లింక్ చేయకుండా పోల్చకూడదని ఇంతకన్నా తేలిగ్గా చెప్పే ఉదాహరణ లేదు.

‘ఏడాదికి ఒక్క గంట పనిచేసినా ఉద్యోగి’

రెండు నిర్వచనాలను కలిపి కుట్టిన వాక్యం ఇది. ప్రభుత్వ శ్రామిక శక్తి సర్వే అయిన పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో ‘సాధారణ స్థితి’ ఏడాదిని చూస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఏ స్థితిలో ఉన్నారన్నది ప్రధాన స్థితి. అది పని కాకపోయినా అనుబంధంగా 30 రోజులు, ఆపైన పనిచేసి ఉంటే పనిలో ఉన్నట్టు లెక్క. ‘ప్రస్తుత వారపు స్థితి’ చివరి ఏడు రోజులనే చూస్తుంది. ఒక గంట అనేది అక్కడిది: ఆ వారంలో ఏదో ఒక రోజు కనీసం గంటసేపు పని. ఇది అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణమే, మనవాళ్లు కనిపెట్టింది కాదు. ఏడాదీ గంటా ఒకే నిర్వచనంలో ఎక్కడా కలవవు. 2023-24లో 15 ఏళ్లు నిండినవారిలో నిరుద్యోగం సాధారణ స్థితిలో 3.2 శాతం, వారపు స్థితిలో 4.9. 2025 ఏప్రిల్ నుంచి వస్తున్న నెలవారీ అంకెలు వారపు స్థితివి. వాటిని పాత వార్షిక 3.2 పక్కన పెట్టి ‘నిరుద్యోగం ఒక్కసారిగా పెరిగింది’ అని రాసేవాళ్లూ ఇదే తప్పు చేస్తున్నారు.

స్టడీ హాల్లో కూర్చున్న అభ్యర్థి ఈ లెక్కలో ఎక్కడుంటారు? పని వెతుకుతున్నానని గానీ, దొరికితే చేరడానికి సిద్ధమని గానీ చెబితే కోడ్ 81, నిరుద్యోగి. ‘పరీక్ష అయ్యేదాకా ఏ పనీ వద్దు’ అంటే శ్రామిక శక్తిలోనే ఉండరు, రేటు లెక్కలో పైనా కిందా ఎక్కడా కనపడరు. ఇంటి దుకాణంలో జీతం లేకుండా చేయి వేసే తమ్ముడికి కోడ్ 21, పనిలో ఉన్నట్టు. 2023-24లో పనిచేసేవారిలో 58.4 శాతం స్వయం ఉపాధిలోనే ఉన్నారు. నిరుద్యోగ రేటుకు పని నాణ్యత కనపడదు, దాన్ని సంపాదన పట్టికల్లో, ఉపాధి రకాల పట్టికల్లో వెతకాలి. విమర్శకు అసలు చోటు అది.

‘జీడీపీని నాలుగుసార్లు మారుస్తారు’

అవును, మారుస్తారు, ముందే తేదీలు ప్రకటించి మరీ. 2023-24 వృద్ధి మొదటి ముందస్తు అంచనాలో 7.3 శాతం, రెండో దాంట్లో 7.6, తాత్కాలిక అంచనాలో 8.2, తర్వాతి సవరణలో 9.2. జనవరి మొదటి వారంలో అంచనా వేసేటప్పటికి ఏడెనిమిది నెలల సూచికలే చేతిలో ఉంటాయి, మిగతా ఏడాదిని వాటి పోకడ మీద లాగుతారు. కంపెనీల పద్దులు, రాష్ట్రాల లెక్కలు, పరిశ్రమల వార్షిక సర్వే ఆ తర్వాత వస్తాయి. విజయనగర్ పక్కనే నాగరభావిలో ఉన్న సామాజిక, ఆర్థిక పరిశోధన సంస్థ ఐసెక్‌ను 1972లో స్థాపించిన వి.కె.ఆర్.వి. రావు బ్రిటిష్ కాలంలోనే జాతీయాదాయాన్ని అంచనా కట్టినవారు. ఆ రోజుల నుంచీ ఇది అంచనాల పనే.

అసలు బలహీనత డిఫ్లేటర్ దగ్గర, అంటే రూపాయల విలువలోంచి ధరల మార్పును తీసేసే సూచీ దగ్గర ఉంది. ఒక ఫ్యాక్టరీ ఉత్పత్తి 100, ముడిసరుకు 60, అదనపు విలువ 40. మరుసటి ఏడాది పరిమాణాలు మారలేదు, ఉత్పత్తి ధరా మారలేదు, ముడిసరుకు ధర మాత్రం పది శాతం తగ్గి 54 అయింది. రూపాయల్లో అదనపు విలువ 46. ఉత్పత్తి ధరతో ఒక్కసారే డిఫ్లేట్ చేస్తే నిజ వృద్ధి 15 శాతం. ఉత్పత్తిని, ముడిసరుకును వేర్వేరు ధరలతో డిఫ్లేట్ చేస్తే 100 నుంచి 60 తీసి 40, అంటే వృద్ధి సున్నా. 2011-12 శ్రేణిలో తయారీ రంగానికి వాడింది మొదటి పద్ధతే. ముడిచమురు పడిపోయిన ఏళ్లలో దీని ప్రభావం ఎంతో ఆర్థికవేత్తలు ఏళ్లుగా చర్చిస్తున్నారు. 2025 నవంబరులో ఐఎంఎఫ్ మన జాతీయ ఖాతాలకు సి గ్రేడ్ ఇచ్చినప్పుడూ ఇలాంటి పద్ధతి లోపాలనే ఎత్తిచూపింది. 

వ్యవస్థ మచ్చ లేనిదని మేము అనడం లేదు. 2017-18 ఉపాధి నివేదిక ఆలస్యంపై 2019 జనవరిలో జాతీయ గణాంక సంఘం నుంచి ఇద్దరు సభ్యులు తప్పుకున్నారు. 2017-18 వినియోగ వ్యయ సర్వే ఫలితాలను డేటా నాణ్యత పేరుతో ప్రభుత్వం విడుదల చేయలేదు. 2021 జనగణన జరగక శాంపిల్ ఫ్రేములు (సర్వేలకు ఇళ్లను ఎంచుకునే మూల జాబితాలు) 2011 మీదే ఆధారపడాల్సి వచ్చింది. ఇవి తేదీలతో సహా నిలబడే ఆరోపణలు. ‘అంతా వండినదే’ అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే ఇవి కూడా ఆ గోలలో కలిసిపోతాయి, అదే మాకు బాధ.

‘అఫీషియల్ స్టాటిస్టిక్స్ దండగ’

అభ్యర్థులకు నేరుగా నష్టం చేసేది ఈ వాక్యమే. ఐఎస్‌ఎస్ పరీక్షలో స్టాటిస్టిక్స్ రెండో పేపర్ సిలబస్‌లో మూడు భాగాలున్నాయి: లీనియర్ మోడల్స్, ఇన్‌ఫరెన్స్, అఫీషియల్ స్టాటిస్టిక్స్. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 200 మార్కులు. సరైన జవాబుకు 2.5, తప్పుకు అందులో మూడో వంతు కోత. మన తెలుగువారు సి.ఆర్. రావు పేరున్న సిద్ధాంతాలు రెండో భాగంలో ఉన్నాయి, వాటిని ప్రేమగా చదవండి. కానీ క్రేమర్-రావు హద్దు (ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో చెప్పే పరిమితి) లెక్క చేయడానికి రెండు మూడు నిమిషాలు పడితే, టోకు ధరల సూచీ ఎవరు విడుదల చేస్తారన్న ప్రశ్నకు పది సెకన్లు చాలు. మార్కులు రెండింటికీ ఒకటే.

పైగా తప్పులు జరిగేది కూడా ఇక్కడే. టోకు ధరల సూచీ గణాంక శాఖది కాదు, పరిశ్రమల ప్రోత్సాహక శాఖలోని ఆర్థిక సలహాదారు కార్యాలయానిది. పారిశ్రామికోత్పత్తి సూచీ ఐఐపీ విడుదల 2025 ఏప్రిల్ నుంచి 12వ తేదీ బదులు 28వ తేదీకి మారింది, పాత నోట్సుల్లో ఇంకా 12 అనే ఉంటుంది. పరిశ్రమల వార్షిక సర్వేకు ఆధారం 2008 గణాంక సేకరణ చట్టం, జనగణనకు 1948 చట్టం. గణాంక సంఘం ఏర్పాటు తీర్మానం 2005లో వచ్చింది, సంఘం పని మొదలుపెట్టింది 2006 జులైలో. ఒక్కో సూచీకి ఒక్కో వరస గీసుకుని తయారు చేసేదెవరు, బేస్, పరిధి, ఎంతకాలానికోసారి, విడుదల తేదీ, ఫార్ములా, సవరణ విధానం రాసుకోండి. నోటిఫికేషన్ వచ్చిన వారంలో ఆ పట్టికను గణాంక శాఖ తాజా పత్రికా ప్రకటనలతో సరిచూసుకోండి. బేస్ ఏళ్లు మారుతున్న ఈ కాలంలో నిరుడు కొన్న గైడు సరిపోదు.

మూడో పేపర్లో ఇండెక్స్ నంబర్లు వర్ణనాత్మకంగా రాయాలి. అక్కడ పనికొచ్చే ఒక చిన్న లెక్క. మల్లేశ్వరంలో మూడు దుకాణాల్లో కిలో టమాటా 20, 30, 40 రూపాయలు అనుకోండి. వచ్చే నెల మొదటి దుకాణంలో 40, మూడో దాంట్లో 20 అయింది, మధ్యది మారలేదు. ధర నిష్పత్తులు 2, 1, 0.5. వాటి అంకగణిత సగటు 1.167, అంటే ధర 16.7 శాతం పెరిగినట్టు. గుణ మధ్యమం (జామెట్రిక్ మీన్) 1, అంటే మార్పు లేనట్టు. నెలలను తలకిందులు చేసి వెనక్కి లెక్కిస్తే అంకగణిత సగటు మళ్లీ 16.7 శాతం పెరుగుదలే చూపిస్తుంది, ముందుకూ వెనక్కూ వేసిన లెక్కల లబ్ధం 1 రావాలనే టైమ్ రివర్సల్ పరీక్షలో అక్కడే ఓడిపోతుంది. వినియోగదారుల ధరల సూచీ అడుగు మెట్టులో (ఒకే వస్తువు ధరలను కలిపేచోట) గుణ మధ్యమం వాడటానికి కారణం ఇదని రాసి, పై మెట్టులో వెయిటేజీలతో లాస్‌పేయర్స్ (బేస్ ఏటి పరిమాణాలతో కట్టే సూచీ) ఎందుకు వస్తుందో, అది అదే పరీక్షలో ఎందుకు నెగ్గదో, ఫిషర్ (బేస్ ఏటి, ప్రస్తుత ఏటి పరిమాణాలతో కట్టిన రెండు సూచీల గుణ మధ్యమం) ఎందుకు నెగ్గుతుందో ఈ అంకెలకే పరిమాణాలు చేర్చి చూపండి.