హోం డైరెక్టరీలో చుట్టాలు

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్లకు చుట్టాల గురించి వేరే చెప్పనక్కర్లేదు. అలిపిరిలో లగేజీ కౌంటర్ ఉందని ఎంత మొత్తుకున్నా, దర్శనానికొచ్చినవాళ్ల బ్యాగులు మన హాల్లోనే దిగుతాయి. లినక్స్ ప్రోగ్రాములు కూడా అంతే ఆత్మీయంగా హోం డైరెక్టరీలో, అంటే యూజర్ సొంత ఫోల్డర్‌లో, తమ ఫైళ్లతో దిగుతుంటే కొందరు ఛాందసులు సణుగుతున్నారు. వాళ్లకు జవాబు చెప్పక తప్పడం లేదు.

వాళ్ల వాదన ఇదీ. క్యాష్ అంటే పోయినా మళ్లీ తయారుచేసుకోగలిగే సరుకు. మెషీన్ మొత్తానిదైతే వార్ క్యాష్ అనే ఫోల్డర్‌లో ఉండాలి. ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ దించుకున్న ప్యాకేజీలు ఉండేది అక్కడే. ఒక్క యూజర్‌దైతే హోంలోని డాట్ క్యాష్‌లో (పేరు ముందు చుక్క ఉంటే అది దాచిన ఫోల్డరన్నమాట). అక్కడ ఇష్టం లేకపోతే ఎక్స్‌డీజీ క్యాష్ హోం అనే వేరియబుల్‌లో (ప్రోగ్రాములు చదువుకునే సెట్టింగ్) వేరే దారి రాసుకోవచ్చు. ఒరిగేదేమిటయ్యా అంటే, డిస్కు నిండినప్పుడు ఒక్క ఫోల్డర్ తుడిస్తే సరిపోతుందట, బ్యాకప్‌లో ఒక్క పేరు వదిలేస్తే చాలట. ఇంత సులువైతే సిస్టం అడ్మిన్లు ఏం తిని బతకాలి?

లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో బ్యాకప్ డిస్కు నిండిపోయింది. "పెండ్లి పత్రికలు ఇంత బరువుంటాయా అప్పా?" అని ఓనర్ నిలదీశాడు. కుర్రాడు దాచిన ఫోల్డర్లు తెరిచి చూపించాడు. పాత సిస్టం వదిలివెళ్లిన డాట్ థంబ్‌నెయిల్స్ (ఫొటోల బుల్లి నమూనాలు) ఒకటి, డాట్ క్యాష్ లోపల కొత్త థంబ్‌నెయిల్స్ ఇంకొకటి. ఒకే పెండ్లికూతురు 128 పిక్సెళ్లలో ఒకసారి, 256లో ఒకసారి, రెండు చోట్లా. పక్కనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీల క్యాష్ డాట్ ఎన్‌పీఎం (పిల్లోడు ఆ భాష నేర్చుకుంటున్నాడు లెండి).

"తీసేస్తే ఏమన్నా పోతుందా?"

"ఏం పోదన్నా."

"మరెందుకు దాచినావు?"

కుర్రాడు నోరెత్తలేదు. నేనైతే చెప్పేవాణ్ణి: అది వారసత్వ సంపద.

అసలైన విప్లవకారులు వేరే ఉన్నారు. పోతే తిరిగిరాని సరుకును, అంటే సేవ్ చేయని డ్రాఫ్టుల్నీ లాగిన్ వివరాల్నీ, తీసుకెళ్లి డాట్ క్యాష్‌లో పెడతారు. క్యాష్ తుడిస్తే ఏమీ కాదనే మూఢనమ్మకాన్ని పెకలించడానికి ఇంతకుమించిన మార్గం లేదు. ఇంకొందరు టెంప్ అనే తాత్కాలిక ఫోల్డర్‌ను నమ్ముకున్నారు. చాలా మెషీన్లలో అది ర్యామ్‌లోనే ఉంటుంది, కరెంటు పోతే సరుకూ పోతుంది. వైరాగ్యమంటే అదీ.

2021లో లాగ్ ఫైళ్లకూ (ప్రోగ్రాములు రాసుకునే చిట్టాలు) హిస్టరీకీ కూడా డాట్ లోకల్‌లో స్టేట్ అని విడిగా చోటిచ్చారు. ఇలా వదిలేస్తే రేపు ప్రతి ఫైలుకూ ఒక చోటంటూ ఉండిపోతుంది. అందుకే నా డిమాండ్: ఫోల్డర్‌లో ఉన్నది క్యాషేనని చాటే క్యాష్‌డైర్ డాట్ ట్యాగ్ అనే ఫైలును తక్షణం నిషేధించాలి. అది ఉన్న ఫోల్డర్‌ను, ఒక ఆప్షన్ ఇస్తే చాలు, ఫైళ్లను మూటగట్టే టార్ ప్రోగ్రాం బ్యాకప్‌లోకి ఎక్కించుకోదట. డీటీపీ ఓనర్ ఇప్పటికే రెండో డిస్కు కొనుక్కొచ్చాడు. ఆయన పెట్టుబడి ఏం కావాలి?