మహారాజశ్రీ మందుల చీటీ గారి దివ్య సముఖానికి

పర్లాకిమిడి నుంచి ఒక రిటైర్డు లెక్కల మేస్టారు నమస్కరించి రాసుకునేది.

ఇన్నేళ్ళూ మిమ్మల్ని నువ్వు అనే అనుకున్నాను, అసలు అనుకున్నదే తక్కువ. నాకు బీపీ వచ్చి పధ్నాలుగేళ్ళు, షుగరు వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ మధ్యలో మీ మొహం పూర్తిగా చదివిన పాపాన పోలేదు. డాక్టరు గారు రాసి చేతిలో పెడితే నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకోవడం, ఆ చొక్కా ఉతికాక మీరు ముద్దగా బయటికి రావడం, అదృష్టం బాగుంటే ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద నూనె మరకలు పడుతూ వేలాడటం, అదీ మా ఇంట్లో మీ వైభోగం. వెనక వైపు ఖాళీగా ఉంది కదా అని మా ఆవిడ పాల లెక్క రాసుకునేది. ఆవిడ చీటీ వెనక, అంటే మీ చెల్లెలి వీపు మీద, గ్యాసు బండ ఎప్పుడు మార్చామో ఆ తారీఖులు ఉండేవి.

మా వీధి చివర మెడికల్ షాపులో మీకన్నా ఖాళీ షీటుకే పరపతి ఎక్కువ. బిళ్ళలన్నీ అయిపోయి గుంటలు మాత్రమే మిగిలిన ఆ షీటు గల్లా మీద పెడితే చాలు, కుర్రాడు తల తిప్పకుండానే "ఇదేనేటి మేస్టారూ, ఎన్నివ్వమంటారు?" అంటాడు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఆ షీటు వెనకే ఇంగ్లీషులో అచ్చువేసి ఉంటుంది, అది చదవాలంటే భూతద్దం కావాలి, షాపులో భూతద్దం ఉండదు. పైగా ఒకసారి కొత్తగా చేరిన పిల్లాడెవడో పాపం "చీటీ ఉందా అండీ" అనబోతే నేనే ఎగిరాను. "నన్నే చీటీ అడుగుతావా, మీ నాన్నకి ఎక్కాలు నేర్పిందెవరో తెలుసా?" అని. వాడు మళ్ళీ ఎవరినీ అడగలేదు. ఆ నేరం నాదే, ఒప్పుకుంటున్నాను.

మీ తప్పు కూడా కొంత ఉంది, రాయకపోతే నాకు నిద్రపట్టదు. పైన ఆసుపత్రి పేరు ఒడియాలో, లోపల మందులు ఇంగ్లీషులో, డాక్టరు గారు నోటితో చెప్పేది తెలుగులో. మూడు భాషలు కలిసి ఒక కాగితం మీద ఒక్క ముక్క అర్థం కాకుండా ఉండటం మీకే చెల్లింది. వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు, మీరు మాత్రం ఇక్కడే ఉండి గ్రాంథికం కన్నా ఘోరమైన లిపి ఒకటి కాపాడుకొస్తున్నారు. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లట. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు టీడీఎస్ అంటే జీతంలో కోత, బీడీ అంటే మా తాతయ్య. కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరే రాయాలి, అదీ అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో, అని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన తెచ్చింది. ఆ కబురు పర్లాకిమిడి దాకా గుణుపురం ప్యాసింజర్లో వస్తున్నట్టుంది.

సరే, అసలు కథకి వస్తాను. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. పురుడు పోయడానికి మేమిద్దరం ఏప్రిల్లో వెళ్ళి ఆరు నెలలు ఉండాలని అనుకున్నాం. లెక్కల మేస్టార్ని కదా, కాగితం తీశాను. నాకు రోజుకి అయిదు బిళ్ళలు, మా ఆవిడకి రెండు, ఏడు నూట ఎనభైలు 1260. కుర్రాడికి ఖాళీ షీట్లు వరసగా పరిచి అంకె చెప్పాను. రెండు రోజుల్లో తెప్పించి ఇచ్చేశాడు, అడగనైనా అడగలేదు. ఆ షీట్లన్నీ పెట్టెలో సగం చోటు తినేస్తున్నాయని, ఆవకాయకి చోటు చాలదని, మా ఆవిడ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని టీవీ చూస్తూ 1260 బిళ్ళలూ టప్ టప్ మని ఊడదీసి రెండు హార్లిక్స్ సీసాల్లో పోసింది. తెల్లవి ఒక సీసా, రంగువి ఒక సీసా. శాస్త్రీయ పద్ధతి.

ప్రయాణానికి రెండ్రోజుల ముందు వీడియో కాల్లో ఆ సీసాలు చూసి మా అమ్మాయి పెట్టిన కేక మహేంద్రతనయ నది అవతల పాతపట్నం దాకా వినబడి ఉంటుంది. మందులు వాటి షీట్లలోనే, డబ్బాల్లోనే ఉండాలట. చీటీ ఉండాలి, అక్కడి అధికారులకి అర్థమయ్యే ఇంగ్లీషులో డాక్టరు గారి ఉత్తరం ఉంటే ఇంకా మంచిది. పరిమాణం కూడా సుమారు 90 రోజులకి మించకుండా తెచ్చుకోవాలట. వీసా మీద ఉండనిచ్చేది ఆరు నెలలు, మందులు మూడు నెలలకి. మిగతా మూడు నెలలు ఉపవాసమా అంటే, దానికి వేరే దారి ఉంది, ముందు మీరు ఆ సీసాలు కింద పెట్టండి అంది. పిండిన పాలు పొదుగుకెక్కుతాయా? బిళ్ళలూ అంతే. మళ్ళీ షాపుకి పరిగెత్తి 630 కొత్తవి షీట్లతో సహా తెచ్చాను. ఈసారి కుర్రాడు మొదటిసారి తలెత్తి చూసి, "మేస్టారూ, ఒంట్లో బానే ఉందా?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చారు మీరు. ఫ్రిజ్ మీద నుంచి మిమ్మల్ని, మీ చెల్లెల్ని ఊడదీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్ని పాస్‌పోర్టుల పక్కన పెట్టాం. డాక్టరు గారు రెండు ముక్కల ఉత్తరం కూడా రాసిచ్చారు, అదీ మీ లిపిలోనే.

అక్కడ దిగాక సామాను తనిఖీలో అధికారి ఒకాయన ఆవకాయ డబ్బా పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు, తర్వాత మందుల సంచి తీసి చీటీ చూపించమన్నాడు. నా జన్మలో మొదటిసారి ఒకడు మిమ్మల్ని అడిగాడు! రెండు చేతులతో ఇచ్చాను, హుండీలో కానుక వేసినట్టు. ఆయన ముందువైపు చూశాడు, ఏం తెలియలేదు. తిప్పి వెనక చూశాడు. అక్కడ అంకెలు పొందికగా, వరసగా, కింద మొత్తంతో సహా ఉన్నాయి. రోజూ వేసుకునే మోతాదు ఇదేనా అన్నాడు. కాదండీ, అవి పాలు అన్నాను. ఆయన నవ్వాడో లేదో తెలీదు కానీ సంచి వెనక్కి ఇచ్చేశాడు.

మూడు నెలలు బాగానే గడిచింది, టైము ఒక్కటే తికమక. మనకి పొద్దున్న ఎనిమిదంటే అక్కడ అంతకు ముందు రాత్రి పదిన్నర. నేను చేతి గడియారం మార్చనని పంతం పట్టి మొదటి వారం పొద్దున్న బిళ్ళలు పడుకోబోయే ముందు వేసుకున్నాను. అమ్మాయి గడియారమే లాగేసుకుంది.

మా ఆవిడ ఇన్సులిన్ సంగతి మాత్రం కొంచెం నిదానంగా రాస్తాను. అందులో నవ్వడానికి తక్కువ, భయపడటానికి ఎక్కువ. చేతి సంచిలోనే, ఐసు పెట్టిన ఫ్లాస్కులో పట్టుకెళ్ళాం, విమానం కింద సామాన్లలో వేస్తే గడ్డకట్టి పాడవుతుందని చెప్పారు. రెండో నెలలో ఫ్రిజ్ తలుపు తీస్తుంటే ఆఖరి రెండు సీసాలు జారి పగిలాయి. అల్లుడు షాపుకి వెళ్ళి పావుగంటలో అదే మందు తెచ్చేశాడు. చీటీ అడగలేదా అంటే లేదన్నాడు. రెండు రకాలు కలిపిన మిశ్రమం ఇన్సులిన్ పాతరకాన్ని అక్కడ చాలా రాష్ట్రాల్లో చీటీ లేకుండానే ఇస్తారట, నా బీపీ బిళ్ళ ఒక్కటి కావాలన్నా మీరు కావాల్సిన దేశంలో! మీకు అవమానంగా లేదా? ఆ రెండింటి పాళ్ళని మనం 30/70 అని రాసేది వాళ్ళు 70/30 అని రాస్తారు, మందు ఒకటే, తిరగేసి చదవాలి.

కానీ తిరగేసినా తెలియని తేడా ఒకటి ఉంది. మా ఆవిడ ఇక్కడ వాడేది మిల్లీలీటరుకి 40 యూనిట్లున్న సీసా, దానికి ఎర్రమూత సిరంజి. అక్కడిది మిల్లీలీటరుకి 100. ఆవిడ అలవాటుగా పాత ఎర్రమూత సిరంజి తీసి కొత్త సీసాలో గుచ్చి 20 గీత దాకా లాగబోతోంది. సీసా మీద 100 అని చూసి నాలో మేస్టారు నిద్ర లేచాడు. ఆ సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు, కొత్త మందులో అర మిల్లీలీటరంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి నిష్పత్తులు చెప్పాను, ఒక్కనాడు పనికొస్తాయని అనుకోలేదు. అల్లుడు మళ్ళీ వెళ్ళి ఆ సీసాకి సరిపడే 100 సిరంజిలు తెచ్చాడు. ఇంతకీ మీ చెల్లెలి మీద 20 పక్కన డాక్టరు గారు యూనిట్లకి గుర్తుగా ఒక యు గీశారు, అది అచ్చం సున్నాలా ఉంది. 200 అని చదివినవాడెవడైనా ఉంటే తర్వాత ఏం రాసినా చదవడానికి మనిషి ఉండడు.

నాలుగో నెలకి నా షుగరు బిళ్ళలు అయిపోవచ్చాయి. మిమ్మల్ని పట్టుకుని ఠీవిగా షాపుకి వెళ్ళాను. అక్కడామె మర్యాదగానే చెప్పింది, ఇక్కడ లైసెన్సు ఉన్న డాక్టరు రాస్తేనే ఇస్తామని. ఆ తర్వాత నేను కూడబలుక్కుని చెప్పిన పేరు కంప్యూటర్లో కొట్టి, ఆ మందు ఈ దేశంలోనే లేదంది. నిజమే, నా బిళ్ళలో ఉన్న విల్డాగ్లిప్టిన్‌కి అమెరికాలో అనుమతి లేదు. ఇక్కడ చాలామంది షుగరు పేషెంట్ల నోట్లో ఉండే గ్లిక్లాజైడ్ కూడా అక్కడ దొరకదు. పారాసిటమాల్‌కే అక్కడ అసిటమినోఫెన్ అని వేరే పేరు. గుండెకని వేసుకునే ఆస్పిరిన్ మన దగ్గర 75, అక్కడ 81. ఆ ఆరు మిల్లీగ్రాములు ఎందుకో ఆ దేవుడికే తెలియాలి, కానీ అది మాత్రం చీటీ లేకుండా కిరాణా సరుకులా ఇచ్చారు. అక్కడ డాక్టర్ని చూస్తే మళ్ళీ పరీక్షలన్నీ చేసి దగ్గరి మందేదో రాస్తారు. మా ఇన్సూరెన్సు పాలసీలో ముందునుంచి ఉన్న జబ్బులకి పైసా రాదు. ఆ ఫీజు ఎంతో ఇక్కడ రాయను, రాస్తే బీపీ బిళ్ళ ఇంకోటి వేసుకోవాలి.

ఇక అమ్మాయి చెప్పిన ఆ వేరే దారి. మూడు నెలలు దాటి ఉండే విదేశీయులు మిగతా మందులు ఇంటి నుంచి కొరియర్లో తెప్పించుకోవచ్చు, దాంతో పాటు డాక్టరు ఉత్తరం, చీటీ నకలు, పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఉండాలి. మా మేనల్లుడికి ఫోను చేశాను. వాడు వెంటనే "దానికేటి మావయ్యా, హార్లిక్స్ సీసాలు రెండూ ఇక్కడే ఉన్నాయి కదా, పంపేయనా?" అన్నాడు. వద్దురా నాయనా, షీట్లు కొను అన్నాను. షాపులో బిళ్ళలు క్షణంలో దొరికాయి, కానీ కొరియర్ వాళ్ళు చీటీ అడిగారు, బిల్లు అడిగారు. చీటీ ఏమో నా దగ్గర న్యూజెర్సీలో ఉంది. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. పాల లెక్క వైపు పెట్టాను. మళ్ళీ ముందువైపు పెట్టాను. కొరియర్ వాళ్ళు ఇది చదవడం కుదరదు, కొత్తగా రాయించండి అన్నారు. వాడు డాక్టరు గారి దగ్గరికి వెళితే "పేషెంటు ఏడీ?" అని అడిగారు. అమెరికాలో అంటే, మరి బీపీ ఎలా చూస్తాను అన్నారు. ఆ రాత్రి వీడియో కాల్లో అల్లుడు బీపీ మిషను కట్టి చూపించాడు, డాక్టరు గారు ఇక్కడి నుంచి అంకెలు చూసి, కాసేపు మనవరాలిని కూడా చూసి, పెద్ద పెద్ద అక్షరాలతో ఒక చీటీ రాశారు. ఎంత ముద్దొచ్చిందో ఆ చీటీ! మందు పేరు, మోతాదు, పూటలు, అన్నీ చదవొచ్చు. రాయడం రాకపోవడం కాదన్నమాట ఇన్నాళ్ళూ.

ఇక్కడికి వచ్చాక ఊళ్ళో నేనే సలహాదారుణ్ణి. మొన్న పక్కింటి కుర్రాడు దుబాయి వెళ్తూ దగ్గు సిరప్పు, నొప్పి బిళ్ళలు సర్దుకుంటుంటే ఆపాను. కోడిన్ అనే మత్తుమందు ఉన్న సిరప్పు, ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్ళలు అక్కడ ముందే అనుమతి తీసుకోకుండా పట్టుకెళితే కేసే. వాళ్ళమ్మ కట్టిన పొట్లాల్లోంచి గసగసాలు కూడా తీయించాను, అవీ అక్కడ నిషిద్ధమే. ఆవిడ నాతో ఇంకా మాట్లాడటం లేదు.

మీ మీద ప్రేమ కొద్దీ ఆ కొత్త చీటీని రిజిస్ట్రాఫీసు దగ్గర జిరాక్సు షాపులో లామినేషన్ చేయించాను. దేవుడి గదిలో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టాను. పాల లెక్కకి మా ఆవిడకి వేరే నోటుబుక్కు కొనిచ్చాను.

పోయిన వారం చెకప్‌కి వెళ్ళాను. డాక్టరు గారు షుగరు రిపోర్టు చూసి, మోతాదు మారుద్దాం, పాత చీటీ మీదే రాస్తానన్నారు. ఇచ్చాను. పెన్ను పెడితే జారింది. ఇంకో పెన్ను పెట్టారు, అదీ జారింది. ఆ ప్లాస్టిక్ మీద మూడుసార్లు గీసి చూసి, నా మొహం చూసి, "నోటితో చెబుతాను గుర్తుపెట్టుకోండి మేస్టారూ, పొద్దున్నది సగం చేయండి, అంతే" అన్నారు. వెనకాల ఇంకా నలభై మంది ఉన్నారు, కొత్తది రాయమని అడగలేకపోయాను.

వస్తూ షాపు దగ్గర ఆగాను. నిన్ను జేబులోంచి తీసి గల్లా మీద పెట్టాను, దీపం వెలుగులో తళతళా మెరిశావు. కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెందుకు మేస్టారూ, ఖాళీ షీటు తేలేదేటి?"

ఇట్లు,
నీ పాత అపరాధి.